బీరమ్మకు పెరిగిన నాలుగేళ్లు

ఒక మనిషి పని నేర్చుకోవడం ఏ రోజున మొదలవుతుంది? కంప్యూటరులో ఒప్పందం ఎక్కిన తారీకునా, మిషను మీద మొదటిసారి చెయ్యి వేసిన పూటనా, లేక ఎవరూ పిలవకపోయినా పక్కన నిలబడి చూడబుద్ధి పుట్టిన గడియనా? బీరమ్మ సంగతి ఎన్నిసార్లు తిరగేసుకున్నా దీనికి జవాబు చిక్కలేదు, ఇప్పటికీ చిక్కడం లేదు. సర్కారు కాగితానికి మాత్రం ఒక తారీకు కావాలి. ఆ తారీకు లేనిదే పైసా కదలదు.

బీరమ్మ పుట్టింది బొంతపల్లి పక్క పల్లెలో. మెట్టినిల్లు కిష్టారెడ్డిపేట. భర్త అంజన్న ట్రాలీ ఆటోలో కొత్త అపార్టుమెంట్లకు టైల్సూ సిమెంటూ మోస్తాడు. ఇద్దరు పిల్లలు బడికి పోతారు. ఆమె ఆరేళ్లుగా బొల్లారం దారిలోని ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నది. కంపెనీ మనిషి కాదు, లేబర్ కాంట్రాక్టరు పెట్టిన మనిషి. అక్కడ పంపులకూ వాల్వులకూ కావలసిన ఇనుప సామాన్లు చేస్తారు. ఇనుమును గిర్రున తిప్పి కోసే లేతు మిషన్లు పది, నలభైకి లోపు జనం. మిషను కోసి కింద పడేసిన ఇనుప తురుమును ఊడ్చి, నూనె వార్చి, బస్తాలకెత్తడం ఆమె పని. చీపురూ తట్టా ఆమెవి, మిషన్లు మగవాళ్లవి.

కుదురు లేని మనిషి. "ఈ పొల్ల అరికాళ్ల కింద చీమలున్నయి" అని చిన్నప్పుడు వాళ్లమ్మ ఆగమ్మ అనేదట. షేర్ ఆటోలో కూర్చుంటే వదులైన నట్టు ఎక్కడుందా అని వేళ్లు వెతుకుతాయి. ఇంట్లో స్టీలు గ్లాసు కడిగితే అంచు మీద గోరు తిప్పి చూస్తుంది. ఊడుస్తూ ఊడుస్తూ కూడా ఊరకే ఊడ్చలేదు. ఏ మిషను కింద తురుము ఎట్లా పడుతున్నదో చూసేది. ఇనుము సాఫీగా కోస్తుంటే తురుము ఒకే తీరు చుట్టలు తిరిగి పడుతుంది. కోసే టూలు మొద్దుబారితే చుట్ట చిరిగి, అంచు రంపంలా చేతికి గీసుకుంటుంది. వేడి ముదిరితే నీలం తేలుతుంది. ఇవి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెత్తలో ఉంటే చూసింది.

మూడేళ్ల కింద ఒకనాడు తట్టలోంచి పిడికెడు తురుము తీసి, లేతు నడిపే టర్నర్లందరిలోకి పెద్ద అయిన రాంచందర్ ముందు పట్టింది.

"ఉస్తాద్, జెర మిషను ఆపి సూడు. ఇయ్యాల నీలం కక్కుతున్నది."

అతనికి కోపం వచ్చింది. ఊడ్చే మనిషి వచ్చి ఆపమంటే ఆపుతారా? అయినా ఎందుకో ఆపాడు. వేడి ఎక్కకుండా టూలు మీద చల్లనీళ్లు పోసే పైపు సగానికి సగం పూడుకుపోయి ఉంది. ఇంకో గంట నడిస్తే ఆ సాయంత్రం లోడు పోవలసిన సామానంతా తుక్కులో పడేది. పైపు సాఫు చేసుకుని, చేతులు తుడుచుకుని, ఎవరు చెప్పారని అడిగాడు.

"ఎవరు జెప్తరు? మూడేండ్ల సంది నీ కాళ్లకాడనే ఊడుస్తున్న గద."

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ రాంచందర్ ఆమెకు మిషను ఇచ్చేవాడు. అతను పదహారో ఏట బాలానగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర చేరినవాడు. మొదటి రెండేళ్లు గిన్నెలు కడిగించి, ఆ తర్వాత వేళ్ల కణుపుల మీద కొట్టి నేర్పాడట ఆ ఉస్తాద్. నేర్పినందుకు ఆయనకు ఎవరూ ఇచ్చింది లేదు, నేర్చుకున్నందుకు ఇతనికి ముట్టిందీ లేదు. పని అనేది అట్లాగే చేతులు మారుతుందని రాంచందర్ లెక్క. బీరమ్మను కొట్టలేదు, అంతే తేడా. ఆమె నిలబడే నాలుగు ముద్దలు మింగి వచ్చేది. ముక్కను బిగించడం, నడిమికి తేవడం, దాని మొహం చదునుగా కోయడం, వెంట్రుకవాసి కొలిచే వెర్నియర్ పట్టి చదవడం, ఒక్కొక్కటే వచ్చాయి. రెండేళ్లు తిరిగేసరికి పంపు ఇరుసుకు తొడిగే బుష్షులు ఒంటరిగా చేసేది. అన్నాల వేళ అయిపోగానే మళ్లీ చీపురు. ఆ చీపురు పట్టినప్పుడల్లా అరచేతులు దురద పెట్టేవి.

యజమాని సోమేశ్వర్‌ది సదాశివపేటలో పప్పుధాన్యాల వ్యాపారం చేసిన కుటుంబం. కొట్టు తమ్ముళ్లకు విడిచి ఇనుములోకి వచ్చాడు కానీ తూకం బుద్ధి పోలేదు. చెడ్డవాడు కాదు, జీతం ఒక్కరోజు కూడా ఆపినవాడు కాదు. ఈ ఏడు కంపెనీ యజమానుల మీటింగుకు పోయి వచ్చి, రాంచందర్‌నూ ఆఫీసులో కాగితాలు చూసే నవీన్‌కుమార్‌నూ పిలిచి కూర్చోబెట్టాడు. ముప్పై మంది దాటిన కంపెనీ ఎట్లాగూ అప్రెంటిసులను పెట్టుకోక తప్పదట. పెట్టుకుంటే మేలే. ఒక్కొక్కరికి నెలకు ఎనిమిది వేల స్టైపెండు అనుకుంటే, అందులో పదిహేను వందలు సర్కారే వాళ్ల ఖాతాలో వేస్తుంది. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఏడాదికి పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. ఆరుగురిని పెట్టుకుందామన్నాడు. నేర్పేది రాంచందరే కనుక అతనికి తల ఒక్కంటికి నెలకు మూడు వందలు తన జేబులోంచి ఇస్తానన్నాడు.

"ఇన్నేండ్లు ఊకెనే నేర్పినవు. ఇగ ఊకెనే ఎందుకు?" అన్నాడు సోమేశ్వర్.

రాంచందర్ ఆ మాటకు తల ఊపి, ఆరుగురిలో ఒక పేరు తానే చెప్తానని, బీరమ్మ పేరు చెప్పాడు. సేటు నవ్వాడు. రాంచందర్ నవ్వలేదు. చెయ్యి చూసి మాట్లాడమన్నాడు. ఆ సాయంత్రం సోమేశ్వర్ వచ్చి వెనకాల నిలబడితే బీరమ్మ ఒక బుష్షు చేసి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని మూడు చోట్ల కొలిచి, ప్యాంటు జేబులో వేసుకుని, ఈమె కాగితాలు తీసుకొమ్మని నవీన్‌కు చెప్పి వెళ్లిపోయాడు.

ఇంటికి పోయి ఈ మాట చెబితే అంజన్న పడీ పడీ నవ్వాడు. ఊడిస్తే పదకొండున్నర వేలు, మిషను నడిపితే ఎనిమిది వేలు.

"లోకంల అందరు జీతం పెరగాల్నని పని నేర్చుకుంటరు. నువ్వు తగ్గించుకునేటందుకు నేర్చుకుంటున్నవా?"

ఏడాదే గదా అన్నది ఆమె. ఏడాది తర్వాత కాగితం వస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఏ గేటు ముందు నిలబడినా చీపురు ఇవ్వరు. ఆ ఏడాది కిరాయి ఎట్లా, పిల్లల ఫీజు ఎట్లా అని అతను అడిగినవన్నీ న్యాయమైనవే. ఆమె మూడు రోజులు ఇల్లంతా తిరుగుతూ, ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చో చెప్పుకుంటూ పోయింది. విని విని విసుగెత్తి నాలుగోనాడు అతనే ఊఁ అన్నాడు.

కాగితాలిచ్చిన రోజున నవీన్‌కుమార్ అయిదో తరగతి టీసీనీ ఆధార్ కార్డునూ పక్కపక్కన పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. టీసీ ప్రకారం ఆమె వయసు ముప్పై మూడు. ఆధార్ ప్రకారం ముప్పై ఏడు.

"అక్కా, నీకు రెండు వయసులున్నయేంది?"

కంప్యూటరు ఆధార్ మాటే వింటుంది. అప్రెంటిసుగా పెట్టుకోవడానికి వయసు అడ్డం కాదు, ఒప్పందం చేసుకోవచ్చు. కాని ముప్పై అయిదు దాటినవాళ్లకు సర్కారు వాటా రాదు. ఆ పదిహేను వందలు కూడా కంపెనీయే పెట్టుకోవాలి. నవీన్ ఇదంతా నెమ్మదిగానే చెప్పాడు. ఆమెకు మాత్రం నాలుగేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడే తెలిసిపోయింది.

పంతొమ్మిదేళ్ల కింద పల్లెలో కరువు పని మొదలైంది. చెరువులో పూడిక తీస్తే సర్కారు కూలి ఇస్తుంది, అయితే పద్దెనిమిది నిండాలి. బీరమ్మకు అప్పుడు పద్నాలుగు. తండ్రి పోయి ఆరు నెలలు. పేర్లు రాసుకోవడానికి వచ్చినాయన వయసెంత అని అడిగితే ఆగమ్మ పద్దెనిమిదన్నది. ఆయన పిల్లను ఎగాదిగా చూసి రాసుకున్నాడు. ఆ ఏడు ఊళ్లో ఒక్క బీరమ్మకే కాదు, చాలామంది పిల్లలకు రాత్రికి రాత్రి వయసు వచ్చింది. తర్వాత ఆధార్ దిగేటప్పుడు ఏం రుజువుందని అడిగితే కరువు పని కార్డే ఇచ్చింది. దాంట్లో ఉన్నదే దీంట్లోకి ఎక్కింది.

మర్నాడు పని ఎగ్గొట్టి తల్లి దగ్గరికి పోయింది. కడుపులో ఉన్నదంతా కక్కాలనే పోయింది. ఆగమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ, తలెత్తకుండానే అంతా విన్నది.

"వయసేమన్న పైసలు పెట్టి కొనేదా? నాలుగేండ్లు ఎక్కువ జెప్తే ఏం బోతదనుకున్న. నీకు కూలి రావాల్నని జెప్పిన. ఆ కూలితోని నువ్వే తిన్నవు."

ఆ కూలితో తిన్న మాట నిజమే. ఇద్దరూ కలిసి బడికి పోయారు, పంచాయతీకి పోయారు, ఆఖరికి మీసేవకు పోయారు. అయిదో తరగతి టీసీ సరిపోదన్నాడు అక్కడి మనిషి. పుట్టిన సర్టిఫికెట్ కావాలి. ఆమె ఇంట్లో పుట్టింది, ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాయించాలంటే పై ఆఫీసరు దాకా పోవాలి, రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఒప్పందాలు ఎక్కించడానికి మిగిలింది తొమ్మిది రోజులు. బీరమ్మ ఆ మీసేవ ముందున్న మూడు మెట్లూ ఎక్కుతూ దిగుతూ ఉండిపోయింది. తల్లి కొంగు పట్టి లాగితే గాని కదలలేదు.

ఆమె కోసం రాంచందర్ సేటు దగ్గరికి పోయాడు. వాటా రాకపోయినా పెట్టుకొమ్మని అడిగాడు. సోమేశ్వర్ కసురుకోలేదు.

"రాంచందర్, కొసరు వస్తదనే గద ఈ బేరానికి దిగినం. కొసరు లేకుంటే ఏడాదికి పద్దెనిమిది వేలు. నేనేడికెల్లి తేవాలె? వచ్చే ఏడు కార్డు సరి జేయించుకొని రమ్మను, అప్పుడు జూద్దాం."

ఈ మాటను రాంచందర్ వచ్చి ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వచ్చే ఏడు ఈ పథకం ఉంటుందో, సేటు మనసు ఉంటుందో, రాంచందర్ కళ్లు ఉంటాయో ఎవరికి తెలుసు? అతనికి అప్పటికే కుడికన్ను మసకేస్తున్నది, వెర్నియర్ మీది గీతలు ఆమెతోనే చదివించుకుంటున్నాడు.

ఆ సాయంత్రం షేర్ ఆటోలో వస్తుంటే బీరమ్మ వేళ్లు ఊరుకోక లెక్క కట్టాయి. ఆమె పోను అయిదుగురు. తల ఒక్కంటికి మూడు వందలు. అయిదు మూళ్లు పదిహేను. పదిహేను వందలు. మళ్లీ కట్టింది, అంతే వచ్చింది. సర్కారు ఇవ్వనన్నది, సేటు పెట్టలేనన్నది ఎంతో, నేర్పుతున్నందుకు ఉస్తాద్ చేతికి కొత్తగా వచ్చేదీ అంతే.

అడగలేదు. ఎట్లా అడుగుతుంది? నలభై ఏళ్లలో మొదటిసారి ఆ మనిషి విద్యకు ఒకరు పైసలు కడుతున్నారు. ఆ పైసలతో కంటి ఆపరేషన్ చేయించుకుంటానని ఆమెకే చెప్పి ఉన్నాడు. అయినా మనసు ఆగలేదు. ఆ పైసలు ఈమె వాటా కింద వదులుకుంటానని అతనికే తట్టాలి, తట్టి నోటితో అనాలి. ఆమె తీసుకుంటుందా, తీసుకోదా అన్నది వేరే సంగతి. బహుశా వద్దనేదే. రెండు రోజులు అన్నాల వేళ మిషను దగ్గర నిలబడి ఎదురుచూసింది. అతను టూలు పట్టే కోణం గురించి చెప్పాడు, కూతురి అత్తగారింటి గురించి చెప్పాడు. ఈ మాట మాత్రం రాలేదు. ఆమె చేతిలో రెండు ముక్కలు పాడయ్యాయి. అంతకు ముందు ఏడాదిలో ఒక్కటి పాడు చేయలేదు.

మూడోనాడు నవీన్‌కుమార్ ఒక ఉపాయం తెచ్చాడు. బీరమ్మ అక్క కూతురు సృజనకు పంతొమ్మిదేళ్లు, పదో తరగతి పాసై ఇంట్లోనే ఉంటున్నది. అప్రెంటిసుగా ఆ పిల్ల పేరు ఎక్కిద్దాం. రోజూ పొద్దున గేటు దగ్గరి హాజరు మిషనుకు మొహం చూపించి ఇంటికి పోతుంది. మిషను మీద బీరమ్మ ఉంటుంది. పిల్ల ఖాతాలో పడ్డ డబ్బు తీసి బీరమ్మకు ఇస్తుంది. సేటుకు చూచాయగా చెప్పాననీ, నాకేం వినపడలేదని లేచిపోయాడనీ నవీన్ గొంతు తగ్గించి చెప్పాడు. అతను మేలు కోరే చెప్పాడు, అందులో అనుమానం లేదు.

"మరి సర్టిఫికెట్?" అన్నది బీరమ్మ.

"అది సృజన పేరు మీదనే వస్తదక్కా. పని నీకు వస్తది గద."

ఆమె రాంచందర్ మొహం చూసింది. అతను పక్కనే నిలబడి, పాత గుడ్డతో ఒక్కొక్క వేలే తుడుచుకుంటున్నాడు.

"చెల్లె, చెయ్యి నీది, పేరు ఎవరిదైతేంది? ఆరుగురు పూర్తయితరు, నువ్వు మిషను మీద ఉంటవు. నాకు గూడ నిమ్మళం."

"అప్పుడు మా అమ్మ వయసు రాసిచ్చింది. ఇప్పుడు పేరు గూడ ఇయ్యాల్నా, ఉస్తాద్?"

వేళ్లు తుడుచుకోవడం అయిపోయినా అతను గుడ్డ కింద పెట్టలేదు. చివరికి ఆమే సరేనన్నది, పిల్లను అడిగి చూస్తానన్నది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

సృజన ఒప్పుకుంది, సంతకాలయ్యాయి. ఒప్పందం సోమవారం నుంచి. ఆదివారం బీరమ్మ పిల్లలకు వండిపెట్టి, గుమ్మడిదల వైపు ఒక రేకుల షెడ్డుకు పోయింది. రెండే లేతులు, ఒకడే ముసలి యజమాని. సర్కారు పథకాల పేరు కూడా ఎత్తలేదు అతను. కాగితం అడగలేదు, వయసు అడగలేదు. ఒక ఇనుప కడ్డీ ఇచ్చి, కొలత చెప్పి, బయట కూర్చున్నాడు. ఆమె చేసి తెచ్చింది చూసి, మొదటి రెండు నెలలు హెల్పరు కూలే ఇస్తాననీ, ఆ తర్వాత మాట్లాడుకుందామనీ, సోమవారం మధ్యాహ్నం నుంచి రమ్మనీ అన్నాడు. ఆ తర్వాత ఏమిస్తాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. దూరం ఎక్కువ, రెండు ఆటోలు మారాలి. ఇంటికి వచ్చి అంజన్నకు ఇంత మాత్రమే చెప్పింది. అతను ఈసారి నవ్వలేదు.

సోమవారం పొద్దున సృజన కొత్త చుడీదార్ వేసుకుని వచ్చి, హాజరు మిషనుకు మొహం చూపించింది. అది పచ్చగా వెలిగింది. పిల్ల వెనక్కి తిరిగింది.

"ఇగ ఇంటికి పోనా చిన్నమ్మా?"

"ఏడికి? నీ పేరు రాసిండ్రు గద, పని గూడ నీదే. నడువు."

మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. చున్నీ తీయించి, జడ పైకి ముడి వేయించి, తన పాత చొక్కా పైన తొడిగింది. పిల్ల గునిసింది, ఇట్లా అని చెప్పలేదు గదా అన్నది, అమ్మ తిడుతుందన్నది. బీరమ్మ వినిపించుకోలేదు. మిషను ఆన్ చేసి, ఒక ముక్క బిగించి, కొద్దిగా కోసి ఆపింది. కింద పడ్డ చుట్టను చల్లారనిచ్చి పిల్ల అరచేతిలో పెట్టింది.

"గిది సక్కగ తిరిగింది. గిట్ల పడితే నడువనియ్యి. చిరిగితే ఆపు. నీలమైతే జల్దీ ఆపు. ఇంక ఉన్నయన్ని ఉస్తాద్‌ను అడుగు, జెప్తడు. జెప్పకుంటే మళ్లడుగు. ఆయనకు మూడు వందలు ముడుతున్నయి నీ మీద."

అదొక్కటే ఆమె నోటి నుంచి వచ్చిన పుల్లవిరుపు మాట. పిల్లకు అది అర్థం కాలేదు. పిల్ల చేతుల్లో బెదురుంది కానీ వేళ్లు పొడుగ్గా, నిలకడగా ఉన్నాయి. బీరమ్మ ఆ వేళ్లను కాసేపు చూసింది. ముక్కను బిగించే చక్ తాళం ఎట్లా పట్టాలో చూపించబోయి, పిల్ల అప్పటికే సరిగ్గా పట్టుకుని ఉంటే ఊరుకుంది.

"నువ్వేడికి పోతున్నవు చిన్నమ్మా? ఉస్తాద్‌కు ఎరికేనా?"

"నువ్వు ముక్క మీద సూపు తియ్యకు."

చీపురూ తట్టా గోడకు ఆనించి ఉన్నాయి. వాటి వంక చూడలేదు. షెడ్డు చివర సానరాయి దగ్గర రాంచందర్ ఈమె వైపు వీపు పెట్టి నిలబడి, కళ్లకు అద్దాలు కట్టుకుని టూలుకు సాన పెడుతున్నాడు. నిప్పురవ్వలు అతని మోకాళ్ల దాకా చిమ్ముతున్నాయి. ఆ రొదలో పిలిస్తే వినపడదు, దగ్గరికి పోయి భుజం తట్టాలి. బీరమ్మ నాలుగు అడుగులు అటు వేసింది. అతను టూలును పైకెత్తి, వెలుతురుకు పట్టి, మసక కంటికి బాగా దగ్గరగా తెచ్చుకుని చూసుకున్నాడు. మళ్లీ రాయికి ఆనించాడు.

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, పక్క తలుపు గుండా గేటు దాటి, బొల్లారం రోడ్డు మీద వచ్చిన మొదటి ఆటోకు చెయ్యెత్తింది.